నందన దసరాకి టాటా బెంజి ఎక్కడిదండీ?

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వేసిన పాత ఫోటో మా తాతదే. దసరా పూజ చేసిన లారీ ముందర బంపరు మీద కాలు పెట్టి నిలబడ్డది ఆయన, పక్కన నిక్కరు తొడుక్కుని గుమ్మడికాయ పట్టుకున్నది క్లీనరు. పేపర్లో చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం, నలుగురికీ చూపించుకున్నాం, అంతవరకు బాగానే ఉంది కానీ కింద ‘1952లో తన టాటా బెంజి లారీతో’ అని రాశారు చూడండి, అక్కడే వచ్చింది చిక్కు. 1952లో టాటా బెంజి ఎక్కడిదండీ? టాటావాళ్ళు జర్మనీ కంపెనీతో కలిసి జంషెడ్‌పూర్‌లో ఆ లారీలు తయారుచేయడం మొదలుపెట్టిందే 1954లో.

తప్పు మీది కాదు. వివరాలు రాసి పంపింది మా చిన్నాయన కొడుకు, నిజం చెప్పాలంటే వాడిది కూడా సగం తప్పే. ఫోటోని ఒక మూల చెదలు తినేస్తే ఒక స్టూడియోలో ఇచ్చి బాగుచేయించాడు. వాళ్ళు మచ్చలు తీసి, కంప్యూటర్లో రంగులేసి, బంతిపూల దండ వెనక కనపడని చోట తమకు తోచింది నింపేశారు. తోచింది ఏంటయ్యా అంటే బెంజి నక్షత్రం! 1969లో ఒప్పందం ముగిసేదాకా టాటా లారీల మూతి మీద ఉన్నది ఆ నక్షత్రమే కాబట్టి, పాత లారీ అనగానే వాళ్ళకు అదే గుర్తొచ్చి ఉంటుంది. మా తాత తర్వాత్తర్వాత బెంజి తోలిన మాట నిజమే, చిన్నాయనకు ఊహ తెలిసేసరికి ఇంటిముందు ఆగేది ఆ బండే, అందుకని ఆయనకూ అనుమానం రాలేదు.

అసలు ఫోటో నా దగ్గరుంది. వెనకవైపు పెన్సిలుతో ‘నందన విజయదశమి’ అని తాత చేతిరాత. నందన మళ్ళీ వచ్చింది 2012లో, అప్పటికి తాతా లేడు, లారీ లేదు, కాబట్టి 1952 అన్నది కరెక్టే. నంబరు ప్లేటుకు అరటిపిలక అడ్డం కట్టారు గానీ మొదటి అక్షరం ‘ఎం’ మాత్రం తెలుస్తోంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న, అంతకుముందు మన నెల్లూరు మద్రాసు కిందే కదా, అదీ సరిపోయింది. ఇక తేలాల్సింది బండి పేరే.

దీనిమీద మా ఇంట్లో రెండు రోజులు పెద్ద పంచాయితీ. అద్దం రెండు ముక్కలుగా ఉందని ఒకరు, తలుపు ఇట్లా ఉందని ఒకరు. కానీ ఆ రోజుల్లో చాలా లారీలకు కంపెనీ నుంచి వచ్చేది ఛాసిస్సు, ఇంజను, ముందరి మూతి, అంతే. క్యాబిను, వెనక తొట్టి ఇక్కడి వడ్రంగులే చెక్కతో కట్టేవాళ్ళు. ఒకే మేస్త్రి చేతిలో పడితే ఫార్గో అయినా బెడ్‌ఫోర్డ్ అయినా పక్కనుంచి చూస్తే ఒకేలా ఉంటుంది. అందుకని తలుపులు, అద్దాలు వదిలేసి మూతి చూడాలి. మా బావ మాత్రం అది యుద్ధం అయ్యాక అమ్మేసిన మిలిటరీ డిస్పోజల్ బండి అని పట్టుబట్టాడు (ఆయనకు పాతదేదైనా మిలిటరీదే). మిలిటరీ షెవర్లే, ఫోర్డు బండ్లకు ముక్కు కోసేసినట్టు మొండిగా ఉంటుంది, ఇది గుండ్రంగా ముందుకు ఉబ్బి ఉంది.

భూతద్దం పెట్టి చూస్తే దండకు, అరిటాకుకు మధ్య సందులో అడ్డంగా లావుపాటి పట్టీలు కనిపించాయి. లెక్కపెడితే ఐదు. హెడ్‌లైట్లు మడ్‌గార్డుల్లోనే ఒదిగి ఉన్నాయి. అంటే షెవర్లే! అంతకుముందు 1941 మోడల్‌కి పైన అడ్డపట్టీలు, కింద నిలువుపట్టీలు ఉండేవి. 1947 నుంచి 1953 దాకా వచ్చినవాటికి ఇట్లా ఐదు అడ్డపట్టీలు, 1954లో మళ్ళీ మూతి మార్చేశారు. అమెరికా నుంచి భాగాలు తెప్పించి బొంబాయిలో జనరల్ మోటార్స్ వాళ్ళు బిగించి అమ్మేవాళ్ళు, ఆ ఫ్యాక్టరీ 1928లో మొదలై 1954లో మూతపడింది. టాటా బెంజి బయటికొచ్చిన ఏడాదే ఇది పోయింది చూడండి.

ఇంకో సంగతి కూడా ఇప్పుడు అర్థమైంది. మా అవ్వ ఆ బండిని ఎప్పుడూ ‘పెట్రోలు బండి’ అనేది, తర్వాత వచ్చినదాన్ని ‘బెంజి’ అనేది. లారీ ఏంది, పెట్రోలేంది అని మేం నవ్వేవాళ్ళం. షెవర్లే పెట్రోలు ఇంజను, బెంజి డీజిలు, అవ్వ సరిగ్గానే చెప్పింది. పెట్రోలు బండి కాలంలో కిరాయి డబ్బులు ఇంటికి రాకుండా బంకులోనే అయిపోయేవని కూడా అనేది.

మీరు వేసిన ఫోటోలో వెనక లోడు కత్తిరించేశారు గానీ అసలుదాంట్లో చెక్కపెట్టెలు ఉన్నాయి, అభ్రకం పెట్టెలు. మా సైదాపురం, కలిచేడు గనుల పచ్చ అభ్రకం గూడూరుకు చేరవేయడమే తాత పని, అక్కడినుంచి మద్రాసు రేవుకు, ఆపైన దేశాలు దాటి పోయేది. పెట్టెల మీద అచ్చు అక్షరాలు ఏవో ఉన్నాయి, మసకలో చదవడానికి రావడంలేదు.

అసలు ఫోటో స్కాన్ చేయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. సవరణ వేసేటప్పుడు ఇదే వేయండి, చెదలు తిన్న మూల అట్లాగే ఉన్నా పర్వాలేదు. అరిటాకు కూడా తీయొద్దని మీ కంప్యూటర్ వాళ్ళకు చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
సైదాపురం, నెల్లూరు జిల్లా