ప్రభుత్వం చేసినదానికి యూదులందరినీ తిట్టడమేమిటి?

సంపాదకులకు నమస్కారం.

గాజా వార్తలు చూస్తుంటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. పిల్లలు ఖాళీ గిన్నెలు పట్టుకుని ఒకరినొకరు తోసుకుంటున్న వీడియో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. కానీ దాని కిందే మావాళ్లలో బాగా చదువుకున్న ఒకాయన ‘హిట్లర్ పని సగంలో ఆపేశాడు’ అని రాశాడు, దానికి ఏడు లైకులు. 60 లక్షల మంది యూదులను చంపించిన మనిషి గురించి ఆ మాట! ఇదేంటని అడిగితే ‘నేనన్నది ఇజ్రాయెల్‌ని’ అన్నాడు. హిట్లర్ చచ్చేనాటికి ఇజ్రాయెల్ అనే దేశమే లేదండీ, అది ఏర్పడింది 1948లో.

అలాగని ఇజ్రాయెల్‌ని ఎవరు ఏమన్నా యూదు ద్వేషమని ముద్ర వేసి నోరు మూయించడం కూడా అన్యాయమే. 2023లో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు ప్రభుత్వానికి వ్యతిరేకంగా టెల్ అవీవ్ వీధుల్లోకి నెలల తరబడి వచ్చింది ఇజ్రాయెలీలే కదా. గాజాలో జరుగుతున్నది జాతి నిర్మూలన అని 2025 జులైలో చెప్పిన బెత్సెలెమ్ కూడా ఇజ్రాయెల్ మానవ హక్కుల సంస్థే. అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి 2016లో యూదు ద్వేషానికి ఇచ్చిన నిర్వచనంలోనే, వేరే ఏ దేశాన్నైనా విమర్శించినట్టు ఇజ్రాయెల్‌ని విమర్శిస్తే అది యూదు ద్వేషం కాదని ఉంది. ఆ దేశం చేసిన పనులకు యూదులందరినీ బాధ్యులను చేయడాన్ని మాత్రం ద్వేషానికి ఒక ఉదాహరణగా అందులోనే చూపించారు.

2025 అక్టోబరు 2న, యూదులు ఉపవాసముండే యోమ్ కిప్పూర్ రోజున, బ్రిటన్‌లోని మాంచెస్టర్‌లో వాళ్ల ప్రార్థనా మందిరం మీద ఒకడు దాడి చేశాడు. ప్రార్థనకు వచ్చినవాళ్లలో ఇద్దరు చనిపోయారు. గాజాలో బాంబులు వేయమన్నది వాళ్లా?

ఎక్కడో ఎందుకు, మా తెనాలికి దగ్గర్లోనే చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం యూదులమని చెప్పుకునే కుటుంబాలున్నాయి, చిన్న ప్రార్థనా మందిరమూ ఉంది. వాళ్లు ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. టీవీలో, పేపర్లో ‘గాజాపై యూదుల దాడి’ లాంటి హెడ్డింగ్ వస్తే వాళ్లూ చదువుతారు. దాడి చేసింది సైన్యమైతే సైన్యమనే రాయండి, ఆదేశం నెతన్యాహుదైతే ఆయన పేరే పెట్టండి, ఎంత ఘాటుగా రాసినా నాకు అభ్యంతరం లేదు.

మా గ్రూపులో ఆ మెసేజ్ తీసేయమని రెండుసార్లు అడిగాను. ఇంకా తీయలేదు.

– ఒక పాఠకురాలు, తెనాలి