మా గేటు ముందు సైకిల్ ఆపిన బాబాయి గారికి

రెండుసార్లు సబ్బుతో కడిగినా చేతులకి డీజిల్ వాసన పోలేదు. శనివారం రాత్రి నిద్ర లేదు, ఆదివారం పొద్దస్తమానం నిలబడే ఉన్నాం. ఇప్పుడు పడుకున్నా కళ్ళు మూతపడటం లేదు. అందుకే లేచి రాస్తున్నాను.

నాన్న 2003లో కొన్న డీజిల్ అంబాసిడర్ మాది. నిరుడు ఆయనకి తుంటి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి సాయం లేకుండా ఎక్కి కూర్చోగలిగేది ఆ ఒక్క కారులోనే. సీటు ఎత్తు, తలుపు వెడల్పు, నడుం వంచక్కర్లేదు. ఆ బండి దసరా నుంచి పొగ కక్కుతోంది, ఆయిల్ తాగేస్తోంది. ఇంజన్ దించి బోరు కొట్టించాలన్నారు, అంటే అరిగిపోయిన సిలిండర్లని లోపల మళ్ళీ చెక్కించాలి. ఒక షెడ్డు వాళ్ళు ఆరు వారాలు ఉంచుకుని, ఒక్క బోల్టు కూడా విప్పకుండా వెనక్కి పంపారు. "ఇంకా దీనికేం ఖర్చు పెడతారమ్మా, తుక్కుకి ఇచ్చేయండి" అన్నారు. ఆ చెక్కే పని చేసే లేతు వాళ్ళేమో ఇంజన్ తెచ్చిస్తే చాలు, మిగతాది తాము చూసుకుంటామన్నారు. సరే, ఇంట్లోనే తీద్దాం అనుకున్నాం. మా తమ్ముడికి బైకుల పని వచ్చు, ఆ ధైర్యంతో.

శనివారం సాయంత్రానికి బ్యాటరీ, బానెట్, రేడియేటర్, సైలెన్సర్ గొట్టం, వెనక్కి వెళ్ళే షాఫ్టు అన్నీ విప్పేశారు. గేర్‌బాక్స్‌తో సహా పైకి లాగాలి. పెరట్లో మామిడి కొమ్మకి నూతి గిలక కట్టి, నైలాన్ తాడు వేసి నలుగురు లాగుతున్నారు. ఇంజన్ జానెడు లేచింది. ఎక్కడో ఏదో పట్టేసింది. తమ్ముడు దాన్ని విడిపించడానికి ఇంజన్ కిందికి చెయ్యి పెట్టి వంగాడు. నేను టార్చ్ పట్టుకుని పక్కనే ఉన్నాను.

అప్పుడే పాల ప్యాకెట్ల సంచితో సైకిల్ మీద వెళ్తున్న ఒక పెద్దాయన మా గేటు ముందు ఆగారు. అరవలేదు. సైకిల్ గోడకి ఆనించి నేరుగా లోపలికి వచ్చి, తమ్ముడి భుజం పట్టుకుని వెనక్కి లాగారు. "ముందు నువ్వు ఇవతలికి రా బాబూ" అన్నారు. తర్వాత తాడు పట్టుకున్న వాళ్ళ వైపు తిరిగి, "ఒక్కసారే ఒగ్గీకండి. చేతి మీద చెయ్యి మార్చుకుంటూ దించండి. నేనున్నాను, కంగారు పడకండి" అన్నారు. ఇంజన్ మళ్ళీ దాని చోట కూర్చున్నాక, తాడు విప్పించి నా చేతిలో పెట్టారు. మూడు పేటల తాడది. ఇంజన్ బ్రాకెట్ అంచు కోసేసి రెండు పేటలు తెగిపోయాయి. అంత బరువూ ఒక్క పేట మీద ఉంది. దాని కింద మా తమ్ముడి చెయ్యి ఉంది.

నాకు ఏడుపు ఆగలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు అలా ఎప్పుడూ ఏడవలేదు. ఆయన మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగారు. "నాకూ కాళ్ళు వణుకుతున్నాయి తల్లీ, కాసేపు కూర్చో" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా గొంతు పట్టేస్తోంది. మీకు బుద్ధి లేదా అని తిట్టొచ్చు. మేం దానికి తగిన వాళ్ళమే. ఒక్క మాట కూడా అనలేదు.

ఆయన విశాఖ షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళకి పైగా ఖలాసీగా చేసి రిటైరయ్యారు. ఓడ భాగాలు ఎత్తి దించడమే ఆయన పని. ఆ సాయంత్రం మామిడి కొమ్మని తట్టి, "ఇది పెళుసు. చెప్పకుండా విరుగుద్ది" అన్నారు. అయితే పోర్టికోలో ఉయ్యాల కొక్కేనికి కడదామా అన్నాను. "అది పిల్లల్ని మొయ్యడానికి వేసింది, ఇంజన్‌ని కాదు" అన్నారు. పొద్దున్న తాను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళిపోయారు.

వస్తారని నేను అనుకోలేదు. నిజం చెప్తున్నాను. ఎవరి బండో, ఎవరి ఇంజనో, ఆయనకేం అవసరం?

ఆరుంపావుకి ఆటోలో దిగారు. పాత స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన ఒక టన్ను ఎత్తే చైన్ బ్లాకు (గొలుసు లాగితే బరువు లేపే గిలక), బరువులెత్తే ఊదా రంగు బెల్టులు రెండు, వాటిని తగిలించే ఇనప కడియాల్లాంటి షాకిళ్ళు నాలుగు. ఆ బెల్టులు ఎంత మోస్తాయో రంగే గుర్తట. ఊదా అంటే ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు. "ఇంజనూ గేర్‌బాక్సూ కలిపి రెండొందల కిలోలనుకో. అర టన్ను అని లెక్కేసి కట్టు" అన్నారు. మూడు కాళ్ళ ఇనప స్టాండు నిలబెట్టించారు. రెండు కాళ్ళు బండికి అటూ ఇటూ, ఒకటి ముందు. మట్టిలో దిగకుండా కాళ్ళ కింద చెక్కలు వేయించి, జారిపోకుండా మూడింటినీ చుట్టి గొలుసుతో బిగించారు.

బెల్టులు ఎలా కట్టాలో మాకు చెప్పడానికి గేటు దగ్గరున్న ముగ్గు డబ్బా తీసుకుని నేల మీద బొమ్మ గీశారు. రెండు బెల్టులూ నిటారుగా ఉంటే ఒక్కో దాని మీద వంద కిలోలు. అవే వెడల్పుగా పరుచుకుని, నేలకి ముప్పై డిగ్రీల దాకా వాలిపోతే, అదే ఇంజన్‌కి ఒక్కో బెల్టు మీద రెండొందలు పడుతుంది. బరువు మారలేదు, కట్టిన తీరు మారింది. ఇంజనీరింగ్ చదివిన మా మరిది కూడా నోరు తెరుచుకుని విన్నాడు. అంచులు తగిలే చోటల్లా పాత ట్యూబు ముక్కలు పెట్టించారు. ఇంజన్ పక్కన గొట్టాలు కలిసే మేనిఫోల్డుకి కట్టనివ్వలేదు.

తర్వాత అందరినీ నిలబెట్టి రెండు మాటలు చెప్పారు. ఎత్తమని, దించమని ఒక్కరే చెప్పాలి. కానీ "ఆపు" అనే మాట ఎవరన్నా సరే, ఎందుకని అడక్కుండా ఆపాలి. ముందు అంగుళం ఎత్తి ఆపారు. చైన్ బ్లాకు జారకుండా పట్టుకుందో లేదో, ఏ షాకిల్ అయినా పక్కకి తిరిగిందేమో చూశారు. అప్పుడు మళ్ళీ గొలుసు లాగమన్నారు. నాలుగంగుళాలు లేచేసరికి వరండాలో కుర్చీలో కూర్చున్న నాన్న "ఆపు" అన్నారు. అందరం ఆగిపోయాం. స్పీడోమీటర్ కేబుల్ విప్పడం మర్చిపోయాం, అది సాగుతోంది. నాన్న కూర్చున్న చోటికి కనిపించింది. బాబాయి గారు నాన్న వైపు తిరిగి నమస్కారం పెట్టారు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నాన్న మొహంలో అలాంటి వెలుగు నేను చూడలేదు.

ఇంజన్ ముక్కు పైకెత్తి గ్రిల్ దాటేంత లేచాక, ఇంజన్‌ని కదపలేదు. బండినే మెల్లగా వెనక్కి తోయించారు. గేర్‌బాక్స్ బయటికొచ్చేస్తే బండిని గేరు ఆపదు కదా, అందుకని ఒకరిని హ్యాండ్‌బ్రేక్ దగ్గర కూర్చోబెట్టి, ఇద్దరిని చక్రాల పక్కన ఇటుకలతో ఉంచారు. కిందికి దిగుతున్న ఇంజన్‌ని కూడా ఎవరూ చేత్తో పట్టుకోకుండా, తాడు కట్టి దూరం నుంచి తిప్పుకోమన్నారు. పదకొండున్నరకి ఇంజన్ పాత టైరు మీద కూర్చుంది. ఎవరికీ గోరు కూడా ఊడలేదు.

ఒక మాట అనకుండా ఉండలేను. బాబాయి గారు పనిచేసిన రోజుల్లో, 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం బరువులెత్తే ప్రతి గొలుసునీ తాడునీ ఏడాదికోసారైనా పరీక్ష చేసేవాళ్ళు, ఎంత మోస్తుందో దాని మీదే రాసి ఉండేది. ముగ్గురు నలుగురు పనిచేసే రోడ్డు పక్క షెడ్డుకి ఆ చట్టం పట్టేది కాదు. అక్కడ మీసాలు రాని పిల్లలు వేలాడే ఇంజన్ల కింద దూరుతుంటారు, అడిగే నాథుడు లేడు. నేను తాడు కొన్న చోట ఇది ఎన్ని కిలోలు మోస్తుందని అడిగితే "గట్టిదేనమ్మా" అన్నారు, అంతే. బండి పాతదైతే మాత్రం సర్కారుకి లెక్కలు బాగా గుర్తుంటాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 2018లో ఆరు వందలు, 2023లో ఐదు వేలు, ఇరవై ఏళ్ళు దాటాయి కాబట్టి ఈసారి పది వేలు. కడతాం. కానీ 2014లో తయారీ ఆగిపోయిన బండిని జాగ్రత్తగా నడుపుకునే వాళ్ళకి ఒక్క చోటైనా దారి చూపించాలి కదా. తుక్కుకి ఇచ్చేయమంటే సరిపోతుందా? మా నాన్న ఎందులో ఎక్కాలి?

మధ్యాహ్నం కవరులో డబ్బు పెట్టి ఇవ్వబోయాను. చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "నాకు ఇవ్వాలనుంటే నిన్నటి తాడు ఇచ్చీ తల్లీ" అన్నారు. తెచ్చిచ్చాను. కత్తి అడిగి, దాన్ని మూరెడేసి ముక్కలుగా కోసి పాల సంచిలో వేసుకున్నారు. షిప్‌యార్డులో పనికిరాని తాడుని అలాగే కోసేసేవాళ్ళట. ఎక్కడైనా పడేస్తే ఇంకెవరో తీసుకెళ్ళి, బాగానే ఉందనుకుని, మళ్ళీ ఏదో ఒకటి ఎత్తుతారని. ఆ ముక్కలు పట్టుకుని వెళ్ళిపోయారు. నేను గేటు దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను.

పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. బాబాయి గారూ, మీ మనవరాలు ఇది మీకు చదివి వినిపిస్తుందని తెలుసు. మా తమ్ముడి చెయ్యి మీరు ఇచ్చిందే. మీకు శతకోటి నమస్కారాలు.

మా ఆయన, తమ్ముడు, మరిది, అమ్మ ఉన్నారు, ఉంటారు. వాళ్ళకి వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు.

అయ్యో, ముఖ్యమైన వాళ్ళని మర్చిపోయాను. మూడు కాళ్ళ స్టాండు బోరు మోటార్లు తీసే కుర్రాళ్ళది. ఆదివారం పని మానుకుని తెచ్చి నిలబెట్టారు, అద్దె తీసుకోలేదు. చెక్కలు పక్కింటి అత్తయ్య గారివి. వీధిలో పిల్లలందర్నీ తన ఇంట్లో కూర్చోబెట్టి మూడు గంటలు మా పెరటి వైపు రానివ్వని ట్యూషన్ టీచర్ గారికి కూడా. ఇంజన్‌ని లేతుకి చేర్చిన ట్రాలీ ఆటో తమ్ముడికి. పది మందికి ఉప్మా చేసి పంపిన ఎదురింటి వదినకి, గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది, రేపు పంపిస్తాను.

గురువారం ఇంజన్ తిరిగొస్తుంది. ఎక్కించేటప్పుడు కూడా తానే వస్తానన్నారు. చైన్ బ్లాకు మా వరండాలోనే ఉంచి వెళ్ళారు, గోనె సంచి కప్పి.