గుమ్మడికాయకు 4,200

సంపాదకులు గారికి,

కోత పండుగల రోజులు వచ్చేశాయి. మా డోర్నకల్ వైపు క్రైస్తవ సంఘాల్లో క్రిస్మస్ తర్వాత అంత సందడి దీనికే. ఎవరికి పండింది వాళ్లు, వడ్లో మిరపకాయలో కోడిపుంజో, తెచ్చి గుడిలో పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, డబ్బు సంఘానికి పోతుంది. పద్ధతి మంచిదే. నేను రాస్తున్నది పోయినేడు ఆ వేలంలో నేను వెలగబెట్టిన పని గురించి.

ఒక గుమ్మడికాయ. అంగట్లో వంద దాటదు. పాట యాభైతో మొదలై మూడొందల దగ్గర అందరూ ఆగారు. మిగిలింది నేనూ, సంఘంలో నాకు పడని ఇంకొకాయనా. ఆయన ఐదొందలంటే నేను వెయ్యి అన్నాను. కుర్రాళ్లు ఈలలేశారు. మైకులో "హెడ్‌మాస్టర్ సార్ రెండు వేలు, ఒకటోసారి" అని వినబడుతుంటే ఒళ్లు తెలియలేదు. 4,200కు కాయ నాదైంది. మైకు చేతికిస్తే ఏమన్నానో తెలుసా? "నాదేముందండీ, అంతా దేవుని కృప!"

ఇంట్లో మా ఆవిడ అడిగింది: "డబ్బు కృపలోంచి కట్టారా, పెన్షన్‌లోంచా?"

అదే ఉదయం మిరప ఏరే కూలికి పోయే ఒక ముసలమ్మ కొంగు మూటలో బియ్యం తెచ్చింది. రోజూ అన్నం వండే ముందు పిడికెడు తీసి దాచిన బియ్యం. మా అమ్మా అలాగే తీసేది. మూట విప్పి కుప్పలో పోసింది. కింద పడ్డ నాలుగు గింజలు వేలితో అద్ది తీసి మళ్లీ కుప్పలో వేసింది. తర్వాత పోయి చెప్పులు విడిచే గడప దగ్గర కూర్చుంది. ఆమె పేరు మైకులో రాలేదు. కమిటీ చదివేది ఐదొందలు దాటిన పేర్లే.

దీనత్వం మా నోళ్లలో బాగానే ఉంటుందండీ. ప్రార్థనలో ధూళిని, పురుగును అంటాం. కరపత్రంలో పేరు ముందు హోదా లేకపోతే మాత్రం ఊరుకోం. బైబిల్లో లూకా సువార్త 18లో పరిసయ్యుడి, అంటే ధర్మశాస్త్రం నిష్ఠగా పాటించే యూదుడి, ప్రార్థన కూడా దేవునికి కృతజ్ఞతతోనే మొదలవుతుంది. అతను అబద్ధమాడాడని కూడా అక్కడ లేదు. వారానికి రెండు ఉపవాసాలు చేసి, రాబడిలో పదో వంతు దేవునికి ఇచ్చే ఉంటాడు. కాకపోతే దేవునితో మాట్లాడుతూనే వెనక నిలబడ్డ సుంకరితో, అంటే జనం పాపిగా చూసే పన్నులు వసూలు చేసేవాడితో, తనను పోల్చుకున్నాడు. ఆ రోజు నా చూపంతా ఎదురు పాట పాడినాయన ముఖం మీదే ఉంది. సుంకరికి పక్కవాడి ఊసే లేదు, కరుణించమని దేవుణ్ణి అడగడమే.

బిషప్ అజరయ్య గారు తిరునెల్వేలి వైపు నుంచి 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఇక్కడికే బిషప్ అయ్యారు. మధ్యలో 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన తెల్లవాళ్ల ముఖం మీదే ఒక మాటన్నారు. పేదలకు మీ ఆస్తులు పెట్టారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని. పెట్టే చేతికీ పొగరు ఉంటుందని ఆయనకు తెలుసు. పిల్లలకు ఈ సంగతి గర్వంగా చెప్పినవాణ్ణే నేను. ఆ ముసలమ్మ ఇంట్లో ఎప్పుడైనా మంచినీళ్లు తాగానా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు. మా ఇంటికి నాలుగిళ్ల అవతలే.

ఈసారి మైకులో పేర్లూ మొత్తాలూ చదవొద్దని, వేలం బదులు అందరికీ ఒకే ధరకు అమ్ముదామని కమిటీలో చెప్పాను. మిగతా సంఘాలవాళ్లు కూడా ఆలోచిస్తారని మీకు రాస్తున్నాను. మా ట్రెజరర్ నవ్వి, "పేరు చదవకపోతే పాట లేవదు సార్. పోయినేడు మీరే లేపారు కదా" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయుడు,
మహబూబాబాద్ జిల్లా