రక్తం పలుచబరిచే మందుల విషయమై ఆరోగ్యశాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

గుండెలో మైట్రల్ కవాటం మార్చాక మా నాన్నగారు ఏళ్ల తరబడి రక్తం పలుచబరిచే వార్ఫరిన్ వాడారు. చిగుళ్ల వాపుకు రాసిచ్చిన, వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచే యాంటీబయాటిక్ అయిన మెట్రోనిడజోల్‌ను దానితో పాటు వారం రోజులు వేసుకున్నాక, ఒక ఉదయం లేచేసరికి నోటి నుంచి కారిన రక్తంతో దిండు గలీబు తడిసిపోయి ఉంది. అంతకు రెండు రోజుల ముందునుంచే మలం తారులా నల్లగా వస్తున్నా, అది కడుపులో రక్తస్రావానికి గుర్తని మాకెవరూ చెప్పలేదు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే, ఆయనకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండవలసిన ఐఎన్‌ఆర్ ఆ రోజు 9 దాటింది. విటమిన్ కె, ప్లాస్మా వేళకు అందబట్టి ఆయన దక్కారు.

ఈ మందులను నేను తప్పుపట్టడం లేదు. అవి లేకపోతే కవాటం మీద కట్టిన గడ్డ మెదడుకు చేరి పక్షవాతం తెచ్చేది. భయపడి సొంతంగా మానేయడమూ అంతే ప్రమాదం. నా బాధల్లా, ఇంత జాగ్రత్త అవసరమైన మందును చేతికిచ్చి పంపేటప్పుడు ప్రమాద సూచనలు రాసిన ఒక్క కాగితమైనా ఇవ్వకపోవడం గురించే.

కాబట్టి ఈ మందులు వాడే ప్రతి ఒక్కరికీ మందు పేరు, మోతాదు, తదుపరి పరీక్ష తేదీ ఉన్న కార్డు ఇప్పించాలని, వీటితో కలిస్తే రక్తస్రావ ప్రమాదం పెంచే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు అమ్మేముందు ఆ కార్డు అడగడం తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. తలకు దెబ్బ తగిలి వచ్చినవారు బాగానే మాట్లాడుతున్నా, ఈ మందుల మీద ఉంటే వెంటనే స్కాన్ తీయించే ఏర్పాటు ఉండాలి. ఈ కోవకే చెందిన మరో మందు డాబిగాట్రాన్‌కు విరుగుడైన ఇడారుసిజుమాబ్ అత్యవసర విభాగాల్లో సిద్ధంగా ఉందో లేదో దయచేసి విచారించండి.

భవదీయుడు,
ఒక రోగి కుమారుడు