మా బడికి డ్రాయింగ్ సారును పంపండి

తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా డ్రాయింగ్ సారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. టైమ్‌టేబుల్‌లో పీరియడ్ మాత్రం ఉంది. అందులో లెక్కలు చెబుతాం, లేదా స్లిప్ టెస్టు పెడతాం. సిలబస్ కాలేదని నేనూ చాలాసార్లు తీసుకున్నాను.

కిందటి వానాకాలం ఏడో తరగతి పిల్లల్ని బడి ఆవరణలోని మందార చెట్టు దగ్గర కూర్చోబెట్టి, చూసి గీయమన్నాను. సగం మంది పువ్వు వైపు చూడనే లేదు, గైడులో చూసిన బొమ్మే దించేశారు. క్లాసులో నోరు విప్పని ఒక బాబు మాత్రం గంటసేపు ఒక్క పువ్వునే తిప్పి తిప్పి చూశాడు. చివరికి నా దగ్గరికి వచ్చి, "మేడం, ఉమ్మెత్తల కేసరాలు రేకులకు అంటుకొని ఉన్నయి గదా, దీంట్ల అన్నీ నడిమిట్ల గొట్టానికే ఉన్నయి" అన్నాడు. కేసరాలు కలిసి, పువ్వు నడుమ కాడలా ఉండే కీలం చుట్టూ గొట్టంలా ఏర్పడటం మందార కుటుంబం లక్షణం. ఇన్నేళ్లుగా నేను బోర్డు మీద రాస్తున్న మాట అది. వాడికి ఎవరూ చెప్పలేదు, గీస్తూ గీస్తూ పట్టుకున్నాడు. గొట్టం కొసన ఐదు కీలాగ్రాలూ లెక్క తప్పకుండా వేశాడు. ఆ రోజు నుంచి క్లాసులో చెయ్యెత్తుతున్నాడు.

బొమ్మలు గీయడమంటే చదువు మధ్యలో కాలక్షేపమని అనుకునేవాళ్లకు ఆ నోట్‌బుక్ చూపించాలని ఉంది.

విద్యాహక్కు చట్టం 2009లోనే వచ్చింది. 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి పెట్టాలని దాని షెడ్యూలులో ఉంది. మేమేమో పాఠం చెప్పకుండానే 'కళలు, సాంస్కృతిక విద్య' కింద గ్రేడ్లు వేసి పంపుతున్నాం. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆగుతుందండీ.

మనుషులు లేరా అంటే ఉన్నారు. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసై, టీటీసీ అనే టీచరు శిక్షణ కూడా చేసి ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. చేర్యాలలో నకాశీ కళాకారులు ఉన్నారు. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రటి నేల మీద కథను గడులు గడులుగా నడిపించే విద్య వాళ్లది. నాలుగు వాక్యాలు వరుసగా రాయలేని పిల్లకు నాలుగు గడులిచ్చి కథ గీయమంటే ఏది ముందో ఏది వెనకో తనకే తెలిసొస్తుంది. అలాంటివాళ్లను నెలకు రెండు రోజులైనా, తగిన గౌరవ వేతనమిచ్చి బడికి పిలవవచ్చు.

ఖాళీగా ఉన్న డ్రాయింగ్ పోస్టులు భర్తీ చేయించండి. అంతవరకు ఆ పీరియడ్‌లో ఇంకే సబ్జెక్టూ చెప్పకూడదని ఒక్క సర్క్యులర్ ఇప్పించండి. అది వస్తే పరీక్షల నెలలో కూడా నేను కాదనగలను. నాలాంటి టీచర్లకు ఇప్పుడు ఆ ధైర్యం లేదు.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు