స్టూడియోల్లో సైరన్ మోత

ఎడిటర్ గారికి నమస్కారం. భారత్-పాక్ ఘర్షణ నడుస్తున్నప్పుడు 2025 మే 8 రాత్రి టీవీ చూసినోళ్లకి గుర్తుండే ఉంటది, కరాచీ పోర్టు ధ్వంసం అని ఎన్ని ఛానళ్లు ఊదరగొట్టాయో, తెల్లారాక చూస్తే పోర్టు అక్కడే ఉంది. ఫోన్లలో తిరిగిన యుద్ధం వీడియోల్లో కొన్ని ఆర్మా 3 అనే గేమ్‌లోవి, ఒక మంటల క్లిప్పేమో అమెరికాలో ఫిలడెల్ఫియాలో జనవరిలో కూలిన విమానానిది. పైగా స్టూడియోల్లో ఆ సైరన్ మోత, అలవాటైపోతే జనం నిజం సైరన్‌ని కూడా పట్టించుకోరు ఆపండి అని కేంద్రమే చెప్పాల్సొచ్చింది. 26/11 ముంబై ఉగ్రదాడి లైవ్ కవరేజీని భావప్రకటనా స్వేచ్ఛ పేరుతో సమర్థించుకోలేరని 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు గట్టిగానే అంది, అయినా ఎవరికి పట్టింది? సైన్యం కదలికలు చూపొద్దంటే సరే, ఒప్పుకుంటా. కానీ జమ్మూకశ్మీర్‌ సరిహద్దులో ఉన్న పూంఛ్‌లో పాక్ షెల్లింగ్‌కి చనిపోయిన మామూలు జనం గురించి ఎంతసేపు చెప్పారు? ఆ రాత్రి తప్పు వార్త వేసినోళ్లు సవరణ కూడా అదే సైజు అక్షరాల్లో, అదే ప్రైమ్‌టైంలో వెయ్యాలి.

- ఒక పాఠకుడు, ఖమ్మం