పసిబిడ్డ గుడ్డ మీద రంగు చూడమని చెప్పించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి కోనసీమ లంక నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మాది కోనసీమలో ఒక లంక ఊరు. పంటు ఎక్కి పాయ దాటితే గానీ రోడ్డు రాదు. మిమ్మల్ని ముఖ్యంగా అడిగేవి రెండు, ముందే చెప్పేస్తాను. కాన్పయిన ప్రతి తల్లికీ ఇచ్చే తల్లీబిడ్డ కార్డులో పసిపిల్లల విరేచనం రంగులు ఫోటోలతో చూపించే ఒక పేజీ వేయించండి. పుట్టి రెండు వారాలు దాటినా కళ్ళు పచ్చగానే ఉన్న బిడ్డకి డైరెక్ట్ బిలిరుబిన్ (ఒంటిని పచ్చబరిచే పదార్థంలో ఒక రకం) రక్తపరీక్ష మా దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోనే చేసి, అదే రోజు రిపోర్టు చేతికిచ్చేలా ఆర్డరు వేయండి.

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. మా అక్క మనవరాలికి, అంటే నన్ను చిన్నమ్మమ్మా అని పిలవాల్సిన పిల్లకి, బైలియరీ అట్రీజియా అనే, లివర్ నుంచి పైత్యరసం దిగే నాళాలు మూసుకుపోయే జబ్బుందని మూడో నెలలో తెలిసింది. పుట్టినప్పుడు మంచి బరువుంది. మూడో రోజుకి ఒళ్ళు పచ్చబడితే లైటు కింద పెట్టారు, కాస్త తగ్గింది, ఇంటికి పంపేశారు. ఆ తర్వాత ఎవరికి చూపించినా ఒకటే మాట, పొద్దుటి ఎండలో కాసేపు పడుకోబెట్టండమ్మా అదే పోతుంది అని. పిల్ల పాలు బాగా తాగుతోంది, బుగ్గలొచ్చాయి, బారసాలకి వచ్చినవాళ్ళందరూ బంగారు ఛాయ అని మురిసిపోయారు. ఈలోగా వరదొచ్చింది, రెండు వారాలు ఊరు దాటే వీల్లేదు. పొట్ట ఉబ్బి నరాలు తేలాకే సిటీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, పిల్ల దొడ్డికి ఏ రంగులో వెళ్తోంది అని. సున్నం కలిపినట్టు తెల్లగా వెళ్తోందని మా అక్క చెప్పింది, రోజూ గుడ్డలు ఉతికేది తనే కాబట్టి. అన్ని రోజుల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆపరేషన్ చేశారు గానీ అప్పటికే ఆలస్యమైంది, ఇప్పుడు లివర్ మార్పిడి అంటున్నారు, తల్లి లివర్ ముక్క సరిపోతుందేమో చూస్తున్నారు.

ఏ డాక్టరు మీదా ఫిర్యాదు చేయడానికి రాయడం లేదండి. పుట్టిన పిల్లల్లో సగానికి పైగా మొదటి వారంలో పచ్చబడతారు, వాళ్ళలో దాదాపు అందరికీ అది దానంతటదే పోతుంది. తల్లిపాల వల్ల కొందరికి రెండు నెలల దాకా కూడా ఉంటుంది, దానితో హాని లేదు, పాలు మాన్పించక్కర్లేదు. అంతమంది మంచి పిల్లల మధ్యలో ఈ జబ్బున్న బిడ్డ ఒక్కడుంటాడు, ప్రపంచంలో చాలాచోట్ల లెక్క చూస్తే పది పదిహేను వేల కాన్పులకి ఒకరు. చూడ్డానికి అందరిలాగే ఉంటాడు, అందుకే ఎండలో పెట్టండి అనే మాట నోటికొచ్చేస్తుంది.

కానీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. విరేచనానికి పసుపు, ఆకుపచ్చ రంగులొచ్చేది లివర్ నుంచి పేగులోకి దిగే పైత్యరసం వల్ల. ఈ జబ్బులో పుట్టిన మొదటి వారాల్లోనే ఆ రసం దిగే నాళాలు వాచి, గట్టిపడి మూసుకుపోతాయి, ఎందుకనేది ఇంకా సరిగ్గా తేలలేదు. పూడుకుపోయిన పంటకాలువలో నీరు వెనక్కి ఎగదన్నినట్టు రసం లివర్‌లోనే నిలిచిపోయి దాన్ని పాడుచేస్తుంది. పేగులోకి దిగకపోతే విరేచనం తెల్లగానో, బూడిదగానో, పాలిపోయిన మట్టి రంగులోనో వస్తుంది. మామూలుగా పసిబిడ్డ మూత్రం నీళ్ళలా ఉండాలి, వీళ్ళది గుడ్డకి పసుపు మరకలా అంటుకుంటుంది. రక్తంలో చూస్తే మామూలు పచ్చదనంలో పెరిగేది ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్, ఇందులో పెరిగేది డైరెక్ట్ బిలిరుబిన్. అది డెసిలీటరుకి ఒక మిల్లీగ్రాము దాటితే బిడ్డని ఇంటికి పంపకూడదు. ఎండకీ లైటుకీ తగ్గేది ఆ మొదటి రకమే, ఈ రెండోదానికి ఎంత ఎండ పెట్టినా రోజులు పోవడం తప్ప ఫలితముండదు. చాలా చోట్ల రెండూ కలిపిన టోటల్ అంకె ఒక్కటే రాసి రిపోర్టు ఇచ్చేస్తారు, డైరెక్ట్ ఎంతో రాయరు. మా పిల్ల పాత కాగితాలన్నీ అలాంటివే. చెయ్యలేదా, రాయలేదా అన్నది నాకు అనవసరం, ఆ అంకె ఉంటే మాకు రెండో వారంలోనే తెలిసేది.

రోజుల లెక్క ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. దీనికి చేసే ఆపరేషన్ పేరు కసాయ్, 1950ల్లో దాన్ని మొదలుపెట్టిన జపాన్ సర్జన్ మోరియో కసాయ్ పేరే దానికి పెట్టారు. మూసుకుపోయిన నాళాలు తీసేసి పేగునే నేరుగా లివర్‌కి కుడతారు. బిడ్డకి 60 రోజులు నిండేలోపు చేస్తే రసం దిగే అవకాశం బాగా ఎక్కువ, మూడు నెలలు దాటితే బాగా తక్కువ. సమయానికి చేసినా కొందరికి పెద్దయ్యాక మార్పిడి తప్పదు, అది నిజమే, కానీ బడికెళ్ళే వయసులోనో కాలేజీకెళ్ళే వయసులోనో మార్పిడికి వెళ్ళడం వేరు, పాలు తాగే వయసులో వెళ్ళడం వేరు. ఏడాది నిండని పిల్లకి మార్పిడి అంటే తల్లి ఒక గదిలో, బిడ్డ ఒక గదిలో, తండ్రి అప్పుల వేటలో. మా ఇంట్లో ఇప్పుడు ఆ టెన్షనే.

తైవాన్‌లో 2004 నుంచి దేశమంతటా ప్రతి తల్లికీ ఈ రంగుల కార్డు ఇస్తున్నారు. ఆ ఏడాది 60 రోజుల్లోపు ఆపరేషన్ జరిగిన పిల్లలు 60 శాతం ఉంటే, మరుసటి ఏడాదికే 74 శాతమయ్యారు. జపాన్‌లో 2012 నుంచి తల్లీబిడ్డల పుస్తకంలోనే దాన్ని అచ్చు వేస్తున్నారు. పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు, మంచి రంగులో అచ్చయిన ఒక పేజీ చాలు.

ఇక మనకి ఏముందో చూడండి. ఆశా కార్యకర్త పురిటింటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్ళాలని నియమం ఇప్పటికే ఉంది. బరువు చూస్తారు, జ్వరం చూస్తారు, బొడ్డు చూస్తారు. దానికి ఒక్క ప్రశ్న కలపండి, గుడ్డ చూపించమ్మా అని, అది కూడా పగటి వెలుతురులో, ఎందుకంటే పసుపు బల్బు కింద ఏ రంగైనా పచ్చగానే కనిపిస్తుంది. నెలన్నర టీకాకి వచ్చినప్పుడు ఏఎన్ఎం మళ్ళీ ఒకసారి అడిగితే అప్పటికి ఇంకా పద్దెనిమిది రోజులు చేతిలో ఉంటాయి. పుట్టుకతో వచ్చే లోపాలు వెతకడానికి 2013లో పెట్టిన బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో గ్రహణం మొర్రి ఉంది, గుండె జబ్బు ఉంది, ఇది లేదు. కేంద్రం చేర్చేదాకా ఆగకుండా రాష్ట్రం తనంతట తాను చేర్చుకోవచ్చు కదండీ.

మా ప్రాంతం సంగతి ఒకటి మీ అధికారులకి ఫైళ్ళలో కనపడదేమో. మా దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే. పేరు నమోదయ్యేది అత్తారి ఊళ్ళో, బిడ్డ ఉండేది అమ్మమ్మ గారింట్లో, మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా. అక్కడి ఆశాకి పిల్ల లేదు, ఇక్కడి ఆశాకి పేరు లేదు. సరిగ్గా ఆ అరవై రోజులూ అలాగే జారిపోతాయి. బిడ్డ ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి ఆశాదే బాధ్యత అని తేల్చి చెప్పించండి, ఆ సందర్శనకి ఆవిడకి రావాల్సిన డబ్బులు ఆవిడకే ఇప్పించండి. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి దింపేటప్పుడే ఆ పేజీ అమ్మమ్మకి చూపించమనండి, ఎందుకంటే గుడ్డలు చూసేది ఆవిడే. ఆవిడకి చెప్తే పసరు మందులకీ, వాతలు పెట్టించడానికీ తీసుకెళ్ళే వాళ్ళని ఆపేది కూడా ఆవిడే అవుతుంది. లివర్ పాడైన పసిపిల్లకి విటమిన్ కె తక్కువై రక్తం గడ్డకట్టదు, అలాంటి ఒంటి మీద వాత పెడితే ఏమవుతుందో ఆలోచించండి.

జూలై, ఆగస్టుల్లో పుట్టేవాళ్ళ కోసం వేరే ఏర్పాటు కావాలి. 2022 జూలై వరదలో లంకలన్నీ ఎలా ఉన్నాయో రాష్ట్రమంతా చూసింది. నిండు చూలాళ్ళని ముందే గట్టు మీదికి చేరుస్తారు, మంచిదే, అదే పడవలో పచ్చగా ఉన్న పసిపిల్లల రక్తం శాంపిళ్ళు కూడా పంపించొచ్చు.

రిపోర్టులో డైరెక్ట్ ఎక్కువ వచ్చాక ఎక్కడికి వెళ్ళాలో కూడా ఆ పేజీ కిందే రాయించండి. ఖాళీ కడుపుతో స్కానింగ్, అవసరమైతే లివర్ ముక్క పరీక్ష, ఆపరేషన్ బల్ల మీద రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే, ఇవన్నీ ఒకే చోట వారంలో అయిపోవాలి. కాకినాడా, విజయవాడా, విశాఖా మీరే నిర్ణయించండి, ఫోన్ నంబరుతో సహా రాయండి. మేం మాత్రం ఊరూరా తిరిగి కనుక్కున్నాం.

చివరిగా ఒక చిన్న సంగతి. ఈ పిల్లలకి మామూలు కొవ్వు అరగదు, పైత్యరసం లేకుండానే ఒంటికి పట్టే ఎంసీటీ నూనె డాక్టర్లు రాస్తారు. అది కొబ్బరి నూనె నుంచి కూడా తీస్తారట, కానీ కొబ్బరికి పేరుపడ్డ కోనసీమలో మా అల్లుడు ఆ సీసా కోసం హైదరాబాద్‌కి డబ్బులు పంపాడు. ఆ నూనె, ఏ, డి, ఇ, కె విటమిన్లు ఆపరేషన్ అయిన పిల్లలకి జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా ఇప్పించండి. పిల్లలు కొద్దిమందే, పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ వానాకాలానికి ముందే కార్డు అచ్చు వేయించమని కోరుతున్నాను. జిరాక్సులు వద్దండి, రంగు మారిపోతే పేజీకి అర్థం లేదు.

ఇట్లు
ఒక చిన్నమ్మమ్మ,
కోనసీమ జిల్లా